అన్నానికి కూర్చోగానే దవడ కింద వాపు: గవదబిళ్ళలేనా?

పర్లాకిమిడి నుంచి అడిగారు: అమ్మకి అన్నం ముందు కూర్చోగానే కుడి దవడ కింద ఉబ్బుతోంది, గంటలో తగ్గిపోతోంది, కళ్ళలో ఇసుక పడ్డట్టు ఉంటోంది, గవదబిళ్ళలా అని.

నాకైతే అలా అనిపించడం లేదు. గవదబిళ్ళల వాపు చెవి కిందా ముందూ వస్తుంది, చెవి తమ్మె పైకి లేస్తుంది, మామూలుగా జ్వరం ఉంటుంది, వారం దాకా దిగదు. మెడలో బంగారు గొలుసు వేసినా అంతే!

తిండి టైముకి వచ్చిపోయే వాపంటే ముందు అనుమానించాల్సింది లాలాజల నాళంలో రాయిని. ఇలాంటి రాళ్ళలో సుమారు 80 శాతం దవడ కింది గ్రంథిలోనివే. పులుపు తగలగానే ఉమ్మి ఊరుతుంది. దారి మూసుకుపోతే గ్రంథి ఉబ్బుతుంది. నాలుక పైకెత్తించి టార్చితో చూడండి, ఒక్కోసారి రాయి పసుపుపచ్చటి గింజలా కనిపిస్తుంది. గోటితో మాత్రం గిల్లకండి. జ్వరం, చీము ఉంటే ఆలస్యం వద్దు.

కళ్ళ మంట వేరే సంగతి కావచ్చు. కానీ నోరూ ఎండిపోయి, నీళ్ళు లేనిదే ముద్ద దిగకపోతే షోగ్రెన్ వ్యాధి గురించి అడగండి. అందులో మన రోగనిరోధక శక్తే కన్నీటి, లాలాజల గ్రంథుల మీద తిరగబడుతుంది. 40 దాటిన ఆడవాళ్ళలో ఎక్కువ. కొన్ని అలర్జీ మాత్రలు కూడా ఇలాగే ఎండగడతాయి, కాబట్టి పాత మందుల చీటీలు పట్టుకెళ్ళండి. బరంపురం వెళ్తే ఈఎన్‌టీకి, కళ్ళ డాక్టరుకి ఒకే రోజు చూపించుకోవచ్చు.