వాళ్ల నాన్న కూడా ఆలస్యంగానే మాట్లాడాడట, ఇంకో ఏడాది ఆగమంటారా?

"మా బాబుకు మూడేళ్ల రెండు నెలలు. అమ్మ, తాత తప్ప మాటలు రావు, అవీ ఎప్పుడో ఒకసారి. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడు. మంచినీళ్లు కావాలంటే నా చెయ్యి లాక్కెళ్లి బిందె మీద పెడతాడు, నా మొహంకేసి మాత్రం చూడడు. సీసా మూతలు గిరగిరా తిప్పుతూ గంటసేపు కూర్చుంటాడు. ఫోన్ తీసేసుకుంటే తల నేలకేసి కొట్టుకుంటాడు. వాళ్ల నాన్న కూడా నాలుగేళ్లకు గానీ మాట్లాడలేదని, వస పోస్తే అవే వస్తాయని మా అత్తయ్య అంటారు. ప్లేస్కూల్ టీచరేమో ఇంట్లో ఇంగ్లిష్‌లోనే మాట్లాడమంది. మా వారు హైదరాబాద్‌లో పనిచేస్తారు, వారానికోసారి వస్తారు. నువ్వు ఫోన్ అలవాటు చేయబట్టే ఇలా అయ్యాడని ఆయన కూడా అన్నారు. తప్పు నాదేనా? ఇంకో ఏడాది ఆగమంటారా?" 

– ఒక తల్లి, మిర్యాలగూడ

ఆగొద్దమ్మా. ఏడాది కాదు, వచ్చే పండగ దాకా కూడా వద్దు.

ఉత్తరం చదివి ఇది ఫలానా అని నేను పేరు పెట్టలేను, పెట్టకూడదు కూడా. ఆటిజం (ఎదుటివారితో కలవడం, మాట్లాడటం వేరుగా ఉండే ఎదుగుదల తేడా) కావచ్చు, వినికిడి లోపం కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. కానీ మాటలు రాలేదన్న దానికంటే ఆ బిందె సంగతి దగ్గరే నా మనసు ఆగింది. మాటలు ఆలస్యమైన పిల్లలు కూడా మామూలుగా ఏడాదిన్నరకల్లా కావలసింది వేలు పెట్టి చూపిస్తారు. చూపించి, మనం చూశామా లేదా అని మన మొహంలోకి చూస్తారు. మీవాడిలో ఆ చూపు కనపడటం లేదు. పరీక్ష చేయించడానికి ఆ ఒక్కటీ చాలు.

మీ అత్తగారు చెప్పింది అబద్ధమని నేననను. ఆలస్యంగా మాట్లాడి తర్వాత గలగలా మాట్లాడేవాళ్లు ఉంటారు. అయితే ఆమెను ఒకటి అడగండి: చిన్నప్పుడు మీ వారిని పిలిస్తే వచ్చేవారా? వేలు పెట్టి చూపించేవారా? తోటి పిల్లలతో ఆడేవారా? వాదన కోసం కాదు, రేపు డాక్టరు కూడా ఇవే అడుగుతారు. ఆ సంగతులు చెప్పగలిగేది ఆమె ఒక్కరే. వీలైతే ఆమెనూ వెంట తీసుకెళ్లండి. కోడలు చెబితే వినని మాట డాక్టరు నోట వింటే వేరుగా ఉంటుంది, అది మన ఇళ్లలో తెలిసిందే.

మొదట చెవులు. టీవీలో ప్రకటన పాట వినపడగానే పక్కగదిలోంచి పరుగెత్తుకొస్తాడు కాబట్టి చెవులకేం కాదని చాలామంది తల్లులు నాతో అంటారు. కొన్ని శబ్దాలు వినపడి కొన్ని వినపడకపోవడమూ ఉంటుంది. వినికిడి తేల్చే బెరా అనే పరీక్ష పిల్లాడు నిద్రపోతుండగా చేస్తారు. ఆ రోజు పొద్దున్నే లేపండి, దారిలో బస్సులో కునుకు తీయనివ్వకండి, లేకపోతే అక్కడ పడుకోడు.

ఎక్కడికి వెళ్లాలంటే, 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద చాలా జిల్లా ఆసుపత్రుల్లో డీఈఐసీ అనే విభాగం ఉంది. పిల్లల ఎదుగుదల సమస్యలు అక్కడ ఉచితంగా చూస్తారు. మీకు దగ్గరలో ఎక్కడుందో అంగన్‌వాడీ టీచర్నో ఏఎన్ఎంనో అడగండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో నీపిడ్ అనే, మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. మీ వారు హైదరాబాద్‌లోనే ఉన్నారు కదా, ఒక పూట సెలవు పెట్టి అక్కడికి వెళ్లి వివరాలు కనుక్కుని, అపాయింట్‌మెంట్ సంగతి చూసే పని ఆయనకు అప్పగించండి. తప్పెవరిదో చెప్పినంత సులువు కాదు ఆ పని, చేసి చూస్తే ఆయనకే తెలుస్తుంది.

ఇక తప్పు సంగతి. తల్లి ప్రేమ చాలకే ఆటిజం వస్తుందని ఒకప్పుడు, 1950ల్లో, 60ల్లో, అమెరికాలో పేరున్న డాక్టర్లే చెప్పారు. ఎందరో తల్లులు ఏడ్చాక అది తప్పని తేలింది. మీ పెంపకం వల్ల ఆటిజం రాదు. అలాగని ఫోన్‌ను వెనకేసుకురావడం లేదు. ఆ గంటలన్నీ వాడితో మనిషి మాట్లాడాల్సిన గంటలు. ఈ వయసు పిల్లలకు రోజుకు గంటకు మించి స్క్రీన్ వద్దని, తక్కువైతే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది.

ఒక్కరోజులో లాగేసుకోకండి. ముందు అన్నం తినిపించేటప్పుడు ఆపండి, అదే అన్నిటికన్నా కష్టం. తల కొట్టుకుంటుంటే దిండో మీ చెయ్యో అడ్డం పెట్టండి, అరవకండి, బతిమాలకండి, ఫోన్ మాత్రం ఇవ్వకండి. మీరు ఇవ్వనప్పుడు నానమ్మ ఇస్తే, ఇంకాస్త గట్టిగా కొట్టుకుంటే దొరుకుతుందని వాడు నేర్చుకుంటాడు. మాటల్లేని పిల్లాడు కోపమైనా ఆకలైనా ఇంకెలా చెబుతాడు? నాలుగు రోజులు ఒక పుస్తకంలో రాసి చూడండి, కొట్టుకునే ముందు ఏం జరిగిందో. కుక్కర్ విజిల్, నిద్ర సమయం, ఇంటికి చుట్టాలు రావడం, ఇలాంటిదేదో బయటపడుతుంది. దెబ్బ తగిలేంతగా కొట్టుకుంటే మాత్రం వెంటనే డాక్టరుకు చూపించండి.

ఇంట్లో చేయగలిగింది చాలా ఉంది, దానికి రిపోర్టు రానక్కర్లేదు. వాడి ఎదురుగా నేల మీద కూర్చోండి. వాడు మూత తిప్పితే మీరూ ఒక మూత తిప్పండి. "ఇదేంటి? అదేంటి?" అని ప్రశ్నలు అడగకండి, పరీక్షలా ఉంటుంది. "మూత", "తిరిగింది", "పడింది" అనండి చాలు. ఉయ్యాల ఊపుతూ ఆపేసి, మనసులో పది లెక్కపెట్టండి. ఓ చూపు, ఓ కదలిక, ఒక "ఊ" వస్తే చాలు, వెంటనే ఊపండి. బిస్కెట్లు బిగుతు మూత డబ్బాలో పెట్టి ఎదురుగా ఉంచండి. తీసి ఇమ్మని మీ దగ్గరికే రావాలి. రోజుకు నాలుగుసార్లు, పదేసి నిమిషాలు. అంతకంటే ఎక్కువ పెట్టుకుంటే మీరు వారంలో అలసిపోతారు.

ఇంగ్లిష్ మాట్లాడమన్న సలహా పక్కన పెట్టేయండి. మీకు కోపమొచ్చినా ముద్దొచ్చినా ఏ భాషలో మాటలొస్తాయో ఆ భాషలోనే వాడితో మాట్లాడాలి. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం రాదు, మాటా ఆగదు.

వస గురించి అత్తగారికి మెల్లగా చెప్పండి. గలగలా మాట్లాడే పిల్లను వసపిట్ట అనుకోవడం ముచ్చటే గానీ, వస అరగదీసి నాకిస్తే మాటలొస్తాయన్నదానికి ఆధారం లేదు, వాంతులైన పిల్లలున్నారు. ఇంతకంటే ఖరీదైన ఆశలు అమ్మేవాళ్లూ తగులుతారు. స్టెమ్ సెల్ ఇంజెక్షన్లతో ఆటిజం పోతుందని ఎవరైనా లక్షలు అడిగితే లేచి వచ్చేయండి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) దాన్ని ఆటిజానికి వైద్యంగా సిఫారసు చేయలేదు.

పరీక్షల్లో ఆటిజమనే తేలితే అప్పుడు మాట్లాడుకోవాల్సినవి వేరే ఉన్నాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది, బడి విషయంలో హక్కులున్నాయి, మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. ఇప్పుడవన్నీ నెత్తిన వేసుకోకండి. బెరా రిపోర్టు చేతికొచ్చాక మళ్లీ రాయండి. ఈసారి వాడు రాత్రిళ్లు ఎన్ని గంటలు పడుకుంటున్నాడో, మీరెన్ని గంటలు పడుకుంటున్నారో అది కూడా రాయండి.