మన పోస్టాఫీసులో కట్టిన డబ్బుకు అమెరికా పోస్ట్‌మ్యాన్ ఎందుకు పని చేస్తాడు?

ఒకప్పుడైతే ఊరికే చేసేవాడు. 1874లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో 22 దేశాలు కూర్చుని రాసుకున్న ఒప్పందం అదే: ఎవరు వసూలు చేసిన డబ్బు వాళ్లదే, పక్క దేశం నుంచి వచ్చిన ఉత్తరాన్ని మాత్రం మారుమాట లేకుండా పంచిపెట్టాలి. ఉత్తరం వెళ్తే జవాబు రాకపోతుందా, లెక్క అక్కడికక్కడే సరి అని వాళ్ల ధీమా. మనం 1876లో చేరాం. కొన్ని దేశాలకు వచ్చేది ఎక్కువ, పంపేది తక్కువ అయ్యేసరికి, 1971 నుంచి ఆ తేడాకు డబ్బు కడుతున్నారు. పార్సిళ్ల లెక్క వేరు.

అంతా ఒప్పందం ప్రకారమే నడుస్తుందనుకునేరు. 2025 ఆగస్టు ఆఖర్లో న్యూజెర్సీలో ఉన్న మా మేనకోడలి సీమంతానికని బరంపురం పట్టుచీర, నాలుగు కట్టల అప్పడాలు డబ్బాలో పెట్టి, పైన గుడ్డ కుట్టించి పోస్టాఫీసుకు పట్టుకెళ్లాను. కౌంటర్‌లో ఒడియా కుర్రాడు, తెలుగు మనకంటే బాగా మాట్లాడతాడు. డబ్బా వంక కూడా చూడకుండా "అమెరికా బంద్ అమ్మా" అన్నాడు.

"మొన్నటిదాకా తీసుకున్నావు కదా బాబూ?"

"పైనుంచి ఆర్డరమ్మా, నా చేతిలో ఏముంది?"

నిజమే, పాపం. 800 డాలర్లలోపు సరుకుకు ఉన్న సుంకం మినహాయింపును అమెరికా ఆగస్టు 29 నుంచి ఎత్తేసింది. ఆ సుంకం ఎవరు వసూలు చెయ్యాలో, ఎలా కట్టాలో తేలక విమానాలవాళ్లు టపా ఎక్కించుకునేది లేదన్నారు. మనమొక్కళ్లమే కాదు, 88 పోస్టల్ సంస్థలు పూర్తిగానో కొంతవరకో ఆపేశాయి. నూట యాభై ఏళ్ల ఒప్పందం ఉండి ఏం లాభం, ఒక్క పెద్ద దేశం తలుపేసుకుంటే? 2018లో కూడా చైనా నుంచి వచ్చే ప్యాకెట్లకు గిట్టుబాటు కావట్లేదని అమెరికావాళ్లే ఆ ఒప్పందంతో పుట్టిన ప్రపంచ తపాలా యూనియన్ నుంచి వెళ్లిపోతామన్నారు. మరుసటేడు జెనీవాలో రేట్లు మార్చి బతిమాలుకున్నాకే ఆగారు.

ఇదే సందని మా వీధి కొరియర్ వాడు చీర ఖరీదుకు దగ్గరగా చార్జీ చెప్పాడు. పైగా "పోస్టాఫీసు పనైపోయిందండీ" అని నవ్వు! అతని కంపెనీ రానని చెప్పే ఏజెన్సీ పల్లెలకు కూడా పోస్ట్‌మ్యాన్ వెళ్తాడు. ఆ మాట అతని ముఖానే అనేసి వచ్చాను. చీర చివరికి విశాఖ నుంచి వెళ్తున్న ఒకరబ్బాయి సూట్‌కేసులో వెళ్లింది, అప్పడాలు మేమే తినేశాం.

అక్టోబర్ 15న మళ్లీ తెరిచారు. సుంకం ఇప్పుడు ఇక్కడే, బుక్ చేసేటప్పుడే కట్టించుకుంటున్నారు. అమెరికాకైతే ముందు కౌంటర్‌లో అడగండి, గుడ్డ తర్వాత కుట్టించొచ్చు.