ఆ 38 శాతం ఎవరిలో?

తమ్ముడూ,

నువ్వు పంపిన వ్యాసం నిన్న రాత్రి చదివాను, పొద్దున టీ తాగుతూ మళ్లీ చదివాను. మొదలు బాగుంది. నల్లకుంట ఫీవర్ ఆస్పత్రి గేటు దగ్గర తడిసిన కొంగుతోనే పిల్లాడి తల తుడుస్తున్న తల్లి నా కళ్ల ముందు నిలబడింది. మూడో పేరాకు వచ్చేసరికి ఆగిపోయాను. "అమెరికాలో 2017-18లో ఫ్లూ టీకా 38 శాతం మందికే పనిచేసింది, మిగతా 62 శాతం మంది వేసుకున్నా లాభం లేకపోయింది" అని రాశావు. ఈ ఉత్తరం ఆ ఒక్క వాక్యం కోసమే.

అలాంటి వాక్యం నేనూ రాశాను. చాలా ఏళ్ల కిందటి మాట. ఒక విదేశీ అధ్యయనంలో టీకా రక్షణ 50 శాతం అని ఉంది. నేను వందలోంచి యాభై తీసేసి, "టీకా వేసుకున్నా సగం మందికి ఫ్లూ" అని హెడ్డింగ్ పెట్టాను. చిక్కడపల్లిలో ఉండే మా చిన్నమ్మకు ఉబ్బసం. ఏటా వానలకు ముందు డాక్టర్ ఆమెకు ఫ్లూ టీకా రాసిచ్చేవారు, ఆమె వేయించుకునేది. ఆ ఏడు వేయించుకోలేదు. ఆగస్టులో ఆయాసం ముదిరి ఐదు రోజులు ఆక్సిజన్ మీద ఉంది. స్వాబ్ పరీక్షలో ఫ్లూ అని తేలింది. ఎందుకు వేయించుకోలేదు చిన్నమ్మా అని అడిగితే మాస్క్ కొంచెం పక్కకు జరిపి, "నువ్వే రాసినవ్ గద బిడ్డా, సగం మందికి ఎట్లైనా వస్తదని. ఊకె పైసలు దండుగ అనుకున్న" అంది. నా వార్త కత్తిరించి నాలుగు మడతలు పెట్టి పర్సులో దాచుకుంది. పేపర్లో నా పేరు పడ్డ ప్రతి ముక్కనూ ఆమె అలా దాచుకునేది.

వేయించుకుని ఉంటే ఆ జబ్బు తప్పేదా? ఈ రోజుకీ చెప్పలేను. ఆమె డాక్టరూ చెప్పలేరు. ఒక మనిషిని పట్టుకుని ఇతన్ని టీకా కాపాడిందా లేదా అని తేల్చే పరీక్ష ఏదీ లేదు. వచ్చిన జ్వరం కనిపిస్తుంది, తప్పిన జ్వరం ఎవరికి కనిపిస్తుంది? అందుకే వందల మందిని, వేల మందిని పక్కపక్కన పెట్టి లెక్కగడతారు.

ముందు నీ 38 సంగతి. టీకా లేని వెయ్యి మందిలో 100 మంది ఫ్లూతో డాక్టర్ దగ్గరికి పరిగెత్తే ఏడాది అనుకో. అలాంటి వెయ్యి మందే టీకా వేయించుకుంటే ఆ 100 కాస్తా 62 అవుతుంది. 38 శాతం అంటే అదీ. తప్పించుకున్న 38 మందికి తాము తప్పించుకున్నామని కూడా తెలియదు, మామూలుగా పనికి వెళ్లి వస్తుంటారు. మిగిలిన 900 మందికి టీకా ఉన్నా లేకున్నా ఆ ఏడు ఫ్లూతో డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిన పని పడదు. నీ వాక్యం ఆ 900 మందిలో చాలామందిని కూడా టీకా ఓడిపోయిన లెక్కలో వేసేసింది.

ఇక ఈ అంకె ఎలా పుడుతుందో తెలుసుకోవాలి. అది తెలియకుండా శాతాల గురించి రాయకు. ఎక్కువగా వాడేది టెస్ట్ నెగెటివ్ పద్ధతి. దగ్గు, జ్వరంతో ఓపీకి వచ్చినవాళ్లనే తీసుకుంటారు. జ్వరం మొదలై ఎన్ని రోజులైందని అడుగుతారు. వారం దాటితే సాధారణంగా తీసుకోరు, అప్పటికి ముక్కులో వైరస్ తగ్గిపోయి నిజంగా ఫ్లూ వచ్చినవాళ్లు కూడా నెగెటివ్‌గా తేలొచ్చు. సన్నటి పుల్లను ముక్కులోకి పోనిచ్చి తిప్పుతారు, కళ్లలో నీళ్లు తిరుగుతాయి. ఆ పుల్లను ద్రవం ఉన్న చిన్న ట్యూబులోకి విరిచి, మూత బిగించి, ఐస్ పెట్టెలో పెట్టి ల్యాబ్‌కు పంపుతారు. అక్కడ ఆర్‌టీ-పీసీఆర్ చేస్తారు. ఈలోగా రోగిని అడిగే ప్రశ్న ఒకటుంది: ఈ సీజన్‌లో ఫ్లూ టీకా వేయించుకున్నారా, ఏ తేదీన? కార్డు ఉంటే కార్డు చూస్తారు, జ్ఞాపకం మీద చెప్పేదానికి అంత విలువ ఉండదు. వేయించుకుని రెండు వారాలు కాకపోతే వాళ్లను పక్కన పెడతారు, ఒంట్లో రక్షణ తయారవడానికి అంత టైం కావాలి.

ఫలితాలొచ్చాక లెక్క. పాజిటివ్ 200 మంది అనుకుందాం. వాళ్లలో టీకా వేసుకున్నవాళ్లు 40, వేసుకోనివాళ్లు 160. అంటే వేసుకోని నలుగురికి వేసుకున్నవాళ్లు ఒకరు. ఫ్లూ కాదని తేలినవాళ్లు 300 మంది. అందులో వేసుకున్నవాళ్లు 100, వేసుకోనివాళ్లు 200. అంటే వేసుకోని ఇద్దరికి వేసుకున్నవాళ్లు ఒకరు. పావును అరతో భాగిస్తే అర. ఒకటిలోంచి ఆ అర తీసేస్తే మిగిలేది అర. కాబట్టి టీకా రక్షణ 50 శాతం. అసలు అధ్యయనాల్లో వయసు, నెల, ముందునుంచీ ఉన్న జబ్బులు అన్నీ చూసి సవరిస్తారు, కానీ వెన్నెముక ఇదే. కాగితం, పెన్ను తీసుకుని ఒకసారి నువ్వే వేసి చూడు. చేత్తో వేసిన లెక్క మనసులో నిలుస్తుంది.

నెగెటివ్ వచ్చినవాళ్లతో పనేంటి, ఫ్లూ రోగుల్ని లెక్కపెడితే చాలదా అని నీకు అనిపించవచ్చు. నాకూ మొదట అనిపించింది. ఆ 300 మందే లేకపోతే ఈ త్రాసుకు రెండో తట్ట ఉండదు. వాళ్లకూ జ్వరమే, వాళ్లూ అదే లైన్లో నిలబడ్డారు, ఒంట్లో బాగాలేకపోతే ఆస్పత్రికి వెళ్లే అలవాటున్నవాళ్లే. వైరస్ మాత్రం వేరు. ఈ జాగ్రత్త ఎందుకంటే, టీకా వేయించుకునేవాళ్లు మొదటినుంచీ వేరే రకం మనుషులు కావొచ్చు. 2006లో అమెరికాలోని సియాటిల్ పరిశోధకులు వెలువరించిన ఒక అధ్యయనం ఉంది. 65 ఏళ్లు దాటినవాళ్లలో టీకా వేసుకున్నవాళ్లు తక్కువమంది చనిపోతున్నారు. అయితే ఆ తేడా ఫ్లూ సీజన్ మొదలుకాకముందే ఉంది. రాని ఫ్లూ నుంచి టీకా ఎలా కాపాడుతుంది? మంచాన పడ్డ ముసలివాళ్లు టీకా కేంద్రం దాకా వెళ్లలేరు, కాస్త తిరగగలిగినవాళ్లే వెళ్తారు. ఆ ఆరోగ్యమంతా టీకా ఖాతాలో పడిపోయింది.

మన ఊళ్లో ఈ చిక్కు ఇంకా ఎక్కువ. ఫ్లూ టీకా ప్రభుత్వం అందరికీ ఉచితంగా వేసే టీకాల జాబితాలో లేదు. ఎక్కువమంది సొంత డబ్బుతో ప్రైవేటు క్లినిక్‌లలో వేయించుకుంటారు. జూబ్లీహిల్స్‌లో వేయించుకున్నవాళ్లను నల్లకుంట ఓపీలో వేయించుకోనివాళ్లతో పోలిస్తే నీకు తెలిసేది టీకా బలం కాదు, ఇంటి వైశాల్యం, తిండి, ఆటో డబ్బులు. పైగా టీకా వేసుకున్నవాళ్లు కొద్దిమందే ఉన్నచోట నమ్మదగ్గ అంకె రావాలంటే చాలా ఎక్కువమందికి స్వాబ్ తీయాలి. మన దగ్గర ఇలాంటి లెక్క కష్టం కావడానికి అదో కారణం. దాని మీద విడిగా ఒక వ్యాసం రాయి, నీ చేతిలో బాగుంటుంది.

ఫీవర్ ఆస్పత్రికి రొనాల్డ్ రాస్ పేరుందని నువ్వు రాశావు, మంచిది. 1897లో సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసినవాడిగా ఆయన అందరికీ తెలుసు. ఆ తర్వాత ఏళ్ల తరబడి జబ్బు జనంలో ఎలా పాకుతుందో గణితంతో పట్టుకోవాలని కూర్చున్నాడు. ఆ రెండో రాస్ నీ వ్యాసానికి ఎక్కువ పనికొస్తాడు.

ఇంకోటి. ఏ ఏడాది అంకె ఆ ఏడాదిదే. అమెరికాలో 2010-11లో 60 శాతం వచ్చింది, 2014-15లో 19 వచ్చింది. ఆ ఏడు ఎక్కువగా తిరిగింది హెచ్3ఎన్2 అనే ఫ్లూ రకం, అదీ టీకాలో పెట్టిన రకం నుంచి పక్కకు జరిగిపోయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళానికి, సెప్టెంబరులో దక్షిణార్ధగోళానికి టీకాలో ఏ రకాలుండాలో చెబుతుంది. టీకా తయారై చేతికొచ్చేసరికి నెలలు గడుస్తాయి, వైరస్ అన్నాళ్లూ ఆగదు. నీ 38ని కూడా విడదీసి చూడు: హెచ్1ఎన్1 మీద 62, బి రకం మీద 50, హెచ్3ఎన్2 మీద 22. ఆ ఏడు హెచ్3ఎన్2 ఎక్కువ తిరిగింది కాబట్టి మొత్తం అంకె కిందికి దిగింది. అక్కడ ఫ్లూ చలికాలపు జబ్బు. మనకు వానల్లో ఒకసారి ఎగుస్తుంది, చలి చివర్లో మళ్లీ తల ఎత్తుతుంది. టీకా బలం నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది కాబట్టి ఎప్పుడు వేయించుకున్నారన్నదీ లెక్కలోకి వస్తుంది. అక్కడి అంకెను తెచ్చి హైదరాబాద్ పక్కన పెట్టేటప్పుడు ఇదంతా ఒక్క వాక్యంలోనైనా చెప్పాలి.

అంకె పక్కన హద్దులు కూడా రాయి, అసలు విలువ ఎక్కడినుంచి ఎక్కడిదాకా ఉండొచ్చో చెప్పేవి. 38 పక్కన 31 నుంచి 43 అని ఉంటుంది, అంటే గట్టి లెక్క. ఎక్కడైనా 50 అని రాసి పక్కన 5 నుంచి 74 అని కనిపిస్తే ఆ 50ని హెడ్డింగ్‌లో పెట్టకు.

టీకా వేయించుకున్నా జలుబు చేసిందని నీకు చెప్పిన ఆటో డ్రైవర్ మాట వ్యాసంలో ఉంచు, తీసేయొద్దు. అతను అబద్ధం చెప్పడం లేదు. రైనో, ఆర్‌ఎస్‌వీ, అడినో లాంటి వైరస్‌లు ఎన్నో అలాంటి జలుబే తెస్తాయి, ఫ్లూ టీకా వాటి జోలికి పోదు. అతని మాట వెనకే ఆ సంగతి రాస్తే చాలు.

నువ్వు "38 శాతమే" అన్న ఆ సీజన్ గురించి ఇంకో లెక్క ఉంది. అది చూడకుండా ఆ "మే" పెట్టడం అన్యాయం. అమెరికాలో సగం మంది కూడా టీకా వేయించుకోలేదు ఆ ఏడు. అయినా సుమారు 71 లక్షల మందికి ఫ్లూ తప్పిందని, 1,09,000 మంది ఆస్పత్రిలో చేరకుండా బయటపడ్డారని, 8,000 మంది బతికారని అంచనా కట్టారు. ఇది టీకా బలం, వేయించుకున్నవాళ్ల సంఖ్య, ఆ ఏటి జబ్బు తీవ్రత మూడూ కలిపి కట్టిన లెక్క. ప్రజలకు ఎంత మేలు జరిగిందంటే ఈ అంకె చెప్పాలి. 38 ఒక్కటే దాన్ని చెప్పలేదు.

తల్లీపిల్లాడూ ఉన్న మొదటి పేరా ముట్టుకోకు. మూడో పేరా తిరగరాసి ఆదివారంలోగా పంపు. నువ్వు చూసిన ఆ అధ్యయనం పూర్తి కాపీ కూడా జతచెయ్యి, వార్తా సంస్థ ఇచ్చిన సారాంశం కాదు. నెగెటివ్ వచ్చినవాళ్లలో ఎంతమంది టీకా వేసుకున్నారో పట్టికలో ఇద్దరం కలిసి చూద్దాం.

నీ అక్క
హైదరాబాద్