బొడ్డు దగ్గర కెమెరా

చిరంజీవి మేనల్లుడికి,

మీ మావయ్య ఆశీస్సులు. నువ్వు వాట్సాప్‌లో పంపిన పోస్టర్ చూశాను. ఫోన్లో చెప్తే ఊఁ ఊఁ అంటూ పెట్టేస్తావని ఇలా రాస్తున్నాను. పుస్తకాల స్టాల్ వాళ్లు రష్యన్ కళాకారుడు రోద్‌చెంకో తరహాలో కావాలన్నారట, వచ్చే వారానికి ఇవ్వాలని టెన్షన్ పడుతున్నావట. మీ అమ్మ చెప్పింది.

తలకు గుడ్డ కట్టుకున్న అమ్మాయి, నోటి పక్కన చెయ్యి, నోట్లోంచి దూసుకొచ్చే త్రికోణంలో ‘పుస్తకాలు’. బాగానే ఉంది. బాగా ఉండక ఏం చేస్తుంది, అది 1924 నాటి బొమ్మాయె! లెనిన్‌గ్రాద్ ప్రభుత్వ ప్రచురణ సంస్థ కోసం రోద్‌చెంకో చేశాడు. ఆ అమ్మాయి లీల్యా బ్రిక్, కవి మయకోవ్‌స్కీ ప్రేయసి. 2005లో ఫ్రాన్జ్ ఫెర్డినాండ్ అనే స్కాట్లండ్ రాక్ బృందం కూడా తమ ఆల్బమ్ అట్టకి దాన్నే వాడుకుంది. ఇంకా ఎంతమంది వాడుకున్నారో లెక్కే లేదు. నువ్వూ వాడుకో, నేను కాదనను. కానీ ముందు ఆ బొమ్మని కాసేపు చూడు.

ఆ త్రికోణం అలంకారానికి పెట్టింది కాదు. నోటి దగ్గర సన్నగా మొదలై పోనుపోను వెడల్పవుతుంది, దాంతోపాటు అక్షరాలూ పెరుగుతాయి. కేక దూరం పోయేకొద్దీ పరుచుకుంటుంది చూడు, అదే ఆ బొమ్మ. రష్యన్ అక్షరాలు ఇటుకల్లా నలుచదరంగా ఉంటాయి కాబట్టి అందులో చక్కగా ఒదిగాయి. మరి నీ ‘పుస్తకాలు’ సంగతేంటి? రెండో అక్షరానికే తావత్తు వచ్చింది. త్రికోణం ఇంకా సన్నగా ఉన్నచోటే దానికి కింద చోటు కావాలి. నువ్వేమో వత్తుని సగానికి కోసేశావు. నాలుగడుగుల దూరం నుంచి చూస్తే ‘పుసకాలు’ అనిపిస్తోంది. త్రికోణం వదిలెయ్. మన అక్షరం గుండ్రంది, దానితో కేక ఎలా వేయించాలో ఆలోచించు. గోడల మీద బ్రష్షుతో రాసేవాళ్లు వత్తుని పక్కకి లాగి, తోక పెంచి, అక్షరాన్ని ఎలా సాగదీసేవారో నీకు గుర్తుండే ఉంటుంది. అక్కడ వెతుకు.

రోద్‌చెంకో మొదట్లో పెయింటరు. 1921లో మూడు కాన్వాసులు పెట్టాడు: ఒకటి పూర్తిగా ఎరుపు, ఒకటి పసుపు, ఒకటి నీలం. ఇక అయిపోయిందని పెయింటింగ్ పక్కన పెట్టేశాడు. 1923 నుంచి మయకోవ్‌స్కీ మాటలు రాస్తే ఈయన బొమ్మ కట్టేవాడు. సిగరెట్లకి, బిస్కెట్లకి, ఆఖరికి పసిపిల్లల రబ్బరు పీకలకి కూడా. నాకు ఆయన మీద గురి కుదిరింది అక్కడే. పీకకి పోస్టర్ వెయ్యడం తన స్థాయికి తక్కువ అనుకోలేదు.

ఇక ఫొటోల సంగతి. అప్పట్లో చాలామంది కెమెరాని పొట్ట దగ్గర పెట్టుకుని తీసేవారు. అందుకే ఆ ఫొటోలు బొడ్డు చూసిన ప్రపంచంలా ఉన్నాయని ఆయన ఎద్దేవా చేశాడు. అది చదివిన రోజు నేను సిగ్గుపడ్డాను. ముప్పై ఏళ్లు పెళ్లిళ్లకి యాషికా పట్టుకు తిరిగాను కదా, అదీ పొట్ట దగ్గర పెట్టుకుని పైనుంచి తొంగిచూసే కెమెరాయే. ఆయనేమో మాస్కోలోని మ్యాస్నిత్స్కాయా వీధిలో తాము ఉండే ఇంటి బాల్కనీలనీ, గోడకున్న ఇనప నిచ్చెననీ 1925లో నిట్టనిలువుగా కింద నుంచీ పై నుంచీ తీశాడు. 1928లో లైకా అనే చిన్న చేతి కెమెరా కొన్నాక ఇక పట్టపగ్గాల్లేవు.

సరే, నేనూ ఓ పెళ్లిలో ఉత్సాహపడి జంటని ఏటవాలుగా తీశాను. పెళ్లికొడుకు తండ్రి ఆల్బమ్ తిరగేసి, "ఏమయ్యా, మావాడు పీటల మీంచి జారిపోతున్నాడేంటి?" అన్నాడు. ఆ పేజీకి డబ్బులివ్వలేదు. ఆయన అన్నది నిజమే. కెమెరా వంచడానికి నా దగ్గర కారణం లేదు. ‘మెట్లు’ అని రోద్‌చెంకో తీసిన 1930 నాటి ఫొటో ఒకటుంది, వెతికి చూడు. ఒకామె బిడ్డనెత్తుకుని ఎక్కుతుంటుంది. మెట్ల నీడలు ఫ్రేమంతా ఏటవాలు చారలు, ఆమె ఒక్కతే వాటికి అడ్డం పడి నడుస్తోంది. దాన్ని నిటారుగా తిప్పి చూస్తే ఆ ఎక్కే బరువంతా పోతుంది. వంచినందుకు ఏదైనా దక్కాలి, లేకపోతే వంచకు.

ఇలా తీసినందుకు రోద్‌చెంకోకి సన్మానాలేం జరగలేదు. 1928లో ఒక సోవియట్ ఫొటో పత్రికలో పేరు లేని ఉత్తరం వచ్చింది, ఇతను విదేశీయుల ఫొటోలు కాపీ కొడుతున్నాడని. పక్కపక్కన పెట్టి అచ్చేశారు కూడా. నా బాల్కనీలు అంతకుముందే అచ్చయ్యాయి కదా అని ఆయన జవాబిచ్చాడు. 1930లో బూర ఊదే పయనీర్ (సోవియట్ బాలల సంఘం) కుర్రాణ్ణి గడ్డం కింద నుంచి తీస్తే, సోవియట్ బాలుడు ఇలా వికారంగా ఉంటాడా అని గోల చేశారు. చివరికి తను సభ్యుడిగా ఉన్న ‘అక్టోబర్’ అనే కళాకారుల బృందమే ఆయన్ని బయటికి పంపింది.

పేరు చూసి మురిసిపోయేముందు ఇంకోటి కూడా చూడు. 1933లో ఖైదీల చేత తవ్వించిన తెల్లసముద్రం కాలువకి వెళ్లి, ఫొటోలు తీసి, గొప్ప నిర్మాణంలా పత్రికలో పేర్చింది ఈయనే. ఒక ఫొటోలో కాలువ పక్కన బ్యాండు మేళం కూడా ఉంది. చూడటానికి అద్భుతం, అదే బాధ. ఏటవాలు గీత అబద్ధాన్నీ అంతే అందంగా మోస్తుంది. 1934లో ఉజ్బెకిస్తాన్ పదేళ్ల సందర్భంగా ఆయనా, భార్య స్తెపానోవా కలిసి చేసిన ఫొటో ఆల్బమ్‌లోని కొందరు నాయకుల్ని తర్వాత స్టాలిన్ ప్రజాశత్రువులన్నాడు. దాంతో రోద్‌చెంకో తన సొంత ప్రతిలో వాళ్ల ముఖాల మీద నల్ల సిరా పూసేశాడు. ఆ పేజీ నాకు ఆయన పోస్టర్లన్నిటికన్నా ఎక్కువ గుర్తుంటుంది. చేత్తో పూసిన సిరా అది. భయం ఎలా ఉంటుందో తెలుస్తుంది.

1956లో పోయాడు. అంతకు ఐదేళ్ల ముందు కళాకారుల సంఘం నుంచి కూడా తీసేశారు. ఇవాళ మనకి ఇన్ని బొమ్మలు దొరుకుతున్నాయంటే, కూతురూ మనవడూ ఆ సరుకంతా దాచి, పుస్తకాలుగా, ప్రదర్శనలుగా బయటపెట్టినందువల్ల కూడా. 1998లో న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియం మోమాలో పెద్ద ప్రదర్శన జరిగింది. నువ్వేమో ఫోన్ నిండిపోతే డిలీట్ కొట్టేస్తావు!

ఇప్పుడు పని చెప్తాను. స్టాల్‌కి వెళ్లి పుస్తకాలు పట్టుకున్న మనిషిని పన్నెండు చోట్ల నుంచి తియ్యి. నేలమీద పడుకునీ తియ్యి, స్టూలెక్కీ తియ్యి. ఒక్క ఫొటోతో మనిషి పట్టుబడడని ఆయన గట్టిగా వాదించేవాడు. ఆ పన్నెండూ నాకు పంపు, వాటిలోంచి ఏరదాం. అక్షరాలు కంప్యూటర్లో కాదు, ముందు కాగితం మీద రాయి. తావత్తుకి చోటొదులు.

ఆదివారం వస్తే నా నెగటివ్‌ల డబ్బా తెరుద్దాం. ఆ జారిపోయే పెళ్లికొడుకు ఇంకా అందులోనే ఉన్నాడు.

మీ మావయ్య