హాస్యపాత్రలు వేస్తానంటున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి బరంపురం నుంచి అత్త ఆశీర్వదించి రాయునది.

టీవీలో కామెడీ వేషాలు వేస్తానని పట్టుబట్టావట, మీ నాన్న ఫోను చేశాడు. వాడి బెంగ సంగతి నేను చూసుకుంటాను గానీ, నువ్వు ఇది రెండుసార్లు చదువు.

ఇరవై ఆరేళ్లొచ్చాయి, ఇంకెప్పుడని గాబరా పడుతున్నావట. హీరోయిన్ వేషాలకైతే ఆ గాబరాకి అర్థముంది. కామెడీకి వయసు పెరిగేకొద్దీ గిరాకీ. హిందీ నటి సుప్రియా పాఠక్ సినిమాల్లోకి వచ్చింది 1981లో. ‘ఖిచిడీ’ సీరియల్‌లో హన్సగా ఇంటింటికీ తెలిసింది 2002లో, నలభై దాటాక. ఆవిడ అక్క రత్నా పాఠక్ షా 2004లో ‘సారాభాయ్ వర్సెస్ సారాభాయ్’లో మాయ వేసేటప్పటికి ఇంకా పెద్దది. అక్కచెల్లెళ్లిద్దరూ 1985లోనే దూరదర్శన్‌లో ‘ఇధర్ ఉధర్’ చేశారు. అమెరికాలో హాస్యనటి లూసిల్ బాల్ 1951లో ‘ఐ లవ్ లూసీ’ టీవీ సీరియల్ మొదలుపెట్టేనాటికి ఆవిడకి నలభై. అప్పటిదాకా ఆ ఏళ్లన్నీ వీళ్లు ఖాళీగా కూర్చోలేదు. పాఠక్ అక్కచెల్లెళ్ల తల్లి దీనా పాఠక్ గుజరాతీ నాటకరంగంలో పేరున్న మనిషి, భవాయి జానపద నాటకాన్ని పట్నం వేదిక మీదకి తెచ్చినావిడ. నీకు గంజాం జిల్లాలో ప్రహ్లాద నాటకం ఉంది, రెండేళ్లకోసారి బరంపురంలో అమ్మవారి ఠాకురాణి యాత్ర వేషాలున్నాయి. వెళ్లి చూడు. వేషం కట్టినవాడు గుంపుని ఎలా ఆపుతున్నాడో, ఎక్కడ కదలకుండా నిలబడుతున్నాడో గమనించు.

హన్స పాత్రని ఒక్క ఎపిసోడ్ ధ్వని తీసేసి చూడు. ఆ ముఖంలో దాదాపు ఏమీ జరగదు. అడిగేది అమాయకంగా అడుగుతుంది, ఇంగ్లీషు మాటకి మొగుడు చెప్పిన తప్పుడు అర్థాన్ని నిజమని నమ్మేస్తుంది. తాను నవ్విస్తున్నానని ఆ పాత్రకి తెలియదు. కొత్తవాళ్లు చెడేది ఇక్కడే: కనుబొమలు ఎగరేసి, గొంతు సాగదీసి, ‘ఇది జోకు సుమా’ అని ప్రేక్షకుడికి ముందే చెప్పేస్తారు. ఇక వాడు నవ్వడం దేనికి?

సెట్లో నిన్ను ముందు దెబ్బతీసేది ప్రాంప్టింగ్. డైలీ సీరియల్లో అరగంట స్లాటుకి ఇరవై నిమిషాల పైచిలుకు సరుకు కావాలి, అదీ రోజూ. అందుకని కాగితం సెట్లోనే చేతికొస్తుంది, అసిస్టెంట్ డైరెక్టర్ కెమెరా పక్కన నిలబడి డైలాగు అందిస్తాడు, నువ్వు విని అంటావు. ఏడుపు సీనులో ఆ ఆలస్యం దుఃఖంలా కనబడుతుంది. కామెడీలో మాత్రం పంచ్ చచ్చిపోతుంది. విన్నాక అనడమంటే ఎదుటివాళ్ల మాట అయిన తర్వాత ఒక క్షణం ఖాళీ, పైగా చెవి అటు, చూపు ఇటు. అందుకని మేకప్ వేస్తున్నప్పుడే కాగితం అడిగి తీసుకో. అంతా కంఠతా పట్టే తీరిక ఉండదు. ఎదుటివాళ్ల వాక్యంలో చివరి మూడు మాటలు, నీ వాక్యంలో మొదటి మూడు మాటలు పట్టుకో. మిగతాది ప్రాంప్టర్ మీద వదిలెయ్యొచ్చు.

నవ్వు సగం రియాక్షన్ క్లోజ్‌లో, అంటే ఎదుటి మాట వింటున్న నీ ముఖాన్ని దగ్గరగా తీసే షాట్‌లో పుడుతుంది. ఎడిటర్ కోసుకోవడానికి చోటుండాలి. నీకు డైలాగు లేని చోట, ఎదుటివాడు మాట ముగించాక కళ్లు కదపకుండా మనసులో ఒకటి, రెండు లెక్కపెట్టు, అప్పుడు తల తిప్పు. డైరెక్టర్ కట్ అనేదాకా పాత్రలోంచి దిగకు. సైడ్ డిష్‌లాంటి వేషం ఇచ్చారని చిన్నబుచ్చుకునేవాళ్లు ఈ రెండు సెకన్లనే పారేసుకుంటారు. క్లోజ్‌లో తల ఊపడం తగ్గించు, ఫ్రేము చిన్నది. మైకు పెట్టి సౌండు అక్కడే రికార్డు చేస్తుంటే ఎదుటివాళ్ల మాట మీద మాట వెయ్యకు; రెండు గొంతులు కలిస్తే ఆ ముక్క కోయడానికి పనికిరాదు. గాజులు తీసెయ్యి, పట్టుచీర కూడా వద్దను, మైకు దగ్గర గరగరలాడుతుంది.

మాస్టర్ షాట్‌లో, అంటే సీనంతా దూరం నుంచి ఒకేసారి తీసేదాంట్లో, గ్లాసు ఏ చేత్తో పట్టావు, ఏ మాట మీద తాగావు అన్నది క్లోజ్‌లో అక్షరాలా అలాగే చెయ్యాలి. మాస్టర్‌లో చెయ్యి ఊపి హడావిడి చేస్తే, క్లోజ్‌లో కలవక నీ మంచి టేకే పోతుంది. తినే సీనైతే చిన్న చిన్న ముద్దలు. ఆరు టేకులు పడితే ఆరుసార్లు మింగాలి. అప్పడాలు, జంతికలు వద్దను, చప్పుడూ ఎక్కువే, గొంతుకీ అడ్డం. బిందె మోసే సీనులో సగం నీళ్లు పోయమను. ఖాళీ బిందె మోసే నడుము ఇట్టే పట్టుబడిపోతుంది. కళ్లజోడు పెడితే లైటు మెరవకుండా అద్దాలు తీసేసిన ఫ్రేమే అడుగు. లూసిల్ బాల్ వస్తువులతో చేసే కామెడీని చేతికి అలవాటయ్యేదాకా సాధన చేసేదని పేరు. ఆవిడ ముందు ప్రేక్షకులు కూర్చునుండేవారు, మూడు కెమెరాలు ఒకేసారి తిరిగేవి. జనం ముందు ఆడితే నవ్వు పూర్తిగా ఆగేదాకా కాకుండా కాస్త తగ్గుముఖం పట్టగానే తర్వాతి మాట అందుకోవాలి.

యాస గురించి అడిగావట. మన పర్లాకిమిడి, బరంపురం తెలుగుని సిగ్గుపడి తుడిచేసుకోకు. తెలంగాణ శకుంతల పుట్టుకతో మరాఠీ ఆవిడ, ఆ పేరే తెచ్చిపెట్టింది తెలంగాణ యాస. అయితే పత్రికల తెలుగు కూడా తడబడకుండా రావాలి. రోజూ ఒక వార్త పైకి చదివి, అదే వార్తని మనింట్లో చెప్పుకునేలా చెప్పు, రెండూ రికార్డు చెయ్యి. ఒడియా నీకు వస్తుంది కాబట్టి భువనేశ్వర్ ఛానెళ్లని వదలకు. ఇక్కణ్ణుంచి 170 కిలోమీటర్లు, పొద్దున్న వెళ్లి రాత్రికి ఇంటికి రావచ్చు. హైదరాబాద్ అలా కాదు, అక్కడ ఉండటానికి చోటు కుదిరాకే వెళ్లు.

డబ్బు మాట క్లుప్తంగా: రిజిస్ట్రేషన్‌కనీ, ఫొటోలకనీ నీ దగ్గర డబ్బు అడిగినవాడు దొంగే. రోజుకింత అని కాగితం మీదో వాట్సాప్‌లోనో రాయించుకో. హిందీ టీవీలో 90 రోజులకి గానీ చెల్లింపు రాని పద్ధతి చాలాకాలం నడిచింది కాబట్టి మూడు నెలల ఖర్చు చేతిలో పెట్టుకునే దిగు.

నాకు రెండు వీడియోలు పంపు. ఫోను అడ్డంగా, కంటి ఎత్తులో, అయిదడుగుల దూరంలో పెట్టు. కిటికీ నీ ఎదురుగా ఉండాలి, వెనక ఖాళీ గోడ. నడుము దాకా కనబడితే చాలు, ఒక్కొక్కటి నిమిషం దాటకూడదు. ఒకటి నువ్వు మాట్లాడేది. రెండోది మీ అమ్మ పక్కనుంచి నిన్ను తిడుతుంటే నువ్వు నోరు విప్పకుండా వినేది. ఆ రెండోదే ముందు పంపు, మ్యూజిక్ కలపకు.

మీ అత్త