సూరత్ అంత పెద్ద ఊరు కదా, గ్లోబల్ సిటీల లిస్టులో పైన ఎందుకు లేదు?

ఎక్కువమంది ప్రస్తావించే జీఏడబ్ల్యూసీ (గ్లోబలైజేషన్ అండ్ వరల్డ్ సిటీస్ అనే పరిశోధన బృందం) లిస్టు జనాభాను, ఫ్యాక్టరీలను లెక్కపెట్టదు, అందుకే సూరత్ పైకి రాదు. ఇంగ్లండ్‌లోని లఫ్‌బరో యూనివర్సిటీలో మొదలైన ఈ పద్ధతి బ్యాంకింగ్, ఆడిటింగ్, లా, అడ్వర్టైజింగ్, కన్సల్టెన్సీ లాంటి సేవలిచ్చే పెద్ద కంపెనీల ఆఫీసులను చూస్తుంది. ఒకే కంపెనీకి రెండు నగరాల్లోనూ ఆఫీసులుంటే వాటి మధ్య డబ్బు, సలహాలు, సమాచారం నడుస్తాయని లెక్క. ఆఫీసు ఎంత ముఖ్యమైనదైతే అంత ఎక్కువ మార్కులు. ఇలా లండన్, న్యూయార్క్ అన్నిటికన్నా పైన ఉంటాయి.

మన బరంపురం వైపు నుంచి ఎంతోమంది మగ్గాల పనికి వెళ్లే సూరత్‌నే తీసుకోండి. 2011 జనాభా లెక్కల్లోనే 44 లక్షలు దాటింది, ప్రపంచంలోని వజ్రాల్లో అధికభాగం అక్కడే సానపడతారు. అయినా నాలుగు లక్షలకు కాస్త పైన జనం ఉన్న జూరిచ్ దానికన్నా చాలా పైన ఉంటుంది, బ్యాంకుల వల్ల.

ర్యాంకు తక్కువంటే ఆ ఊరికి ప్రపంచంతో సంబంధం లేదనుకోవడం పొరపాటు. వలస కూలీల రాకపోకలు, వాళ్లు ఇంటికి పంపే డబ్బు ఈ కొలతలోకి రావు. నా దృష్టిలో అది పెద్ద లోటే. కియర్నీ అనే కన్సల్టెన్సీ కంపెనీ ఇచ్చే నగరాల ఇండెక్స్ అయితే వ్యాపారంతో పాటు చదువు, సంస్కృతి, సమాచారం, రాజకీయాలనూ చూస్తుంది, కాబట్టి రెండు లిస్టుల ర్యాంకులను కలిపి పోల్చకూడదు.