బాపు నాతో మాట్లాడట్లేదు

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. మాది సిద్దిపేట దగ్గర పల్లె. బీటెక్ చేసి నాలుగేళ్లుగా గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. ఉద్యోగం మానేసి ఎంఏ సోషియాలజీ (సమాజశాస్త్రం) చదువుతానని చెప్పిన రోజు నుంచి బాపు నాతో మాట్లాడట్లేదు. ‘ఆ చదువుకు ఉద్యోగం ఎవడిస్తాడు?’ అన్నాడని అమ్మ చెప్పింది. అమ్మేమో సంబంధాలు చూస్తోంది. తమ్ముడి కాలేజీ ఫీజు ఇంకా రెండేళ్లు నేనే కట్టాలి. రోజూ సెంట్రల్ యూనివర్సిటీ గేటు ముందు నుంచే ఆఫీసుకు వెళ్తుంటే ఏడుపొస్తోంది. ఏం చేయాలి?

జవాబు: మీ ఉత్తరం పొడుగ్గా ఉంది, పైన సారాంశమే ఇచ్చాను. అందులో మీ మేనేజర్ గురించి పేజీన్నర ఉంది. సోషియాలజీ గురించి నాలుగే లైన్లున్నాయి! తప్పు పట్టడం లేదు గానీ, రేపు మంచి మేనేజర్ వస్తే ఈ కోరిక ఉంటుందా అన్నది ముందు తేలాలి. దూరవిద్య యూనివర్సిటీ ఇగ్నో వాళ్ల ఎంఏ సోషియాలజీ పాఠాలు వాళ్ల వెబ్‌సైట్ ఈజ్ఞాన్‌కోశ్‌లో ఉచితంగా దొరుకుతాయి. రెండు నెలలు రాత్రిపూట చదవండి. ఈ శాస్త్రానికి పునాది వేసిన వెబర్, డర్క్‌హైమ్‌ల సిద్ధాంతాల దగ్గర నిద్ర ముంచుకొస్తే కంగారుపడకండి, అది చాలామందికి జరిగేదే. కులం, కుటుంబం, ఊరు గురించి చదువుతున్నప్పుడు కూడా నిద్రొస్తే మాత్రం ఆలోచించాలి.

మీ నాన్నగారి ప్రశ్న న్యాయమైనదే. ఉన్నదున్నట్టు జవాబు చెప్పండి. ఎంఏలో 55 శాతం మార్కులుంటే కాలేజీ లెక్చరర్ అర్హత పరీక్ష యూజీసీ నెట్ రాయొచ్చు. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ (నాన్ క్రీమీలేయర్) వాళ్లకు 50 చాలు. అందులో మంచి మార్కులతో జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే పీహెచ్‌డీ చేస్తూ మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు వస్తాయి. దానికి వయోపరిమితి 30 అయినా ఆడవాళ్లకు ఐదేళ్ల సడలింపు ఉంది కాబట్టి మీకు టైముంది. అయితే జేఆర్‌ఎఫ్ కొద్దిమందికే వస్తుంది. సర్వేలు, స్వచ్ఛంద సంస్థల్లో పని దొరికినా మొదట్లో మీ ఇప్పటి జీతం రాకపోవచ్చు. ఇది కూడా దాచకండి. సివిల్స్‌కు పనికొస్తుందని ఊరించడం అసలే వద్దు, మీకు ఆ ఉద్దేశం లేనప్పుడు.

సెంట్రల్ యూనివర్సిటీలో సీటుకు సీయూఈటీ పీజీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి, ఉస్మానియాకు సీపీగెట్. బీటెక్ చేసినా అడ్డు కాదు. క్లాసులో కూర్చుని వాదించుకుంటూ నేర్చుకునే సబ్జెక్టు కాబట్టి రెగ్యులర్‌గా చదవడమే మేలు. కానీ తమ్ముడి ఫీజు మధ్యలో ఆగితే ఇంట్లో ఆ మాట ఏళ్ల తరబడి వినాల్సి వస్తుంది. రెండేళ్లే కదా. ఉద్యోగం చేస్తూనే ఇగ్నోలో చేరండి. రెండేళ్లలో ముగించొచ్చు, కుదరకపోతే నాలుగేళ్ల దాకా గడువుంటుంది. ఆగి రెగ్యులర్‌లో చేరతానన్నా సరే, ఆ రెండేళ్లూ డబ్బు వెనకేసుకోండి.

ఇక అసలు చిక్కు. మీరూ నాన్నగారూ అమ్మ నోటితో మాట్లాడుకుంటున్నారు. ఊరెళ్లి, ఆయన ఒక్కరే ఉన్నప్పుడు పక్కన కూర్చోండి. చదువు ఊసెత్తకుండా ఆయన చిన్నప్పటి సంగతులు అడగండి. కల్లం దగ్గర కుమ్మరికి, కమ్మరికి, వడ్రంగికి ఎన్ని వడ్లు కొలిచేవారు? ఏ బావిలో ఎవరు తోడుకునేవారు, ఎవరిని తోడుకోనిచ్చేవారు కాదు? పెళ్లిలో ఎవరి బంతి ఎక్కడ? ఊరి సంగతులు అడిగితే మూతి ముడుచుకుని కూర్చునే పెద్దమనిషిని నేనింతవరకు చూడలేదు. ఉస్మానియాలో పనిచేసిన సమాజశాస్త్రవేత్త శ్యామాచరణ్ దూబే ఇలాంటివే అడిగి తెలుసుకుని, శామీర్‌పేట గురించి ఒక పుస్తకం రాశారు. 1955లో వచ్చింది. సిద్దిపేట నుంచి హైదరాబాద్ వచ్చే బస్సులో మీ నాన్నగారు దాటి వచ్చే శామీర్‌పేటే అది! ‘నేను చదువుతానన్నది ఇదే బాపూ’ అని అప్పుడు చెప్పండి. ఆ పూటకే కరిగిపోతారని నేననను. మాటలు మొదలైతే చాలు.

సంబంధాల సంగతి తేలికే. చూడటానికి వచ్చేవాళ్లకు చదువు విషయం ముందే చెప్పమనండి. వద్దనుకునేవాళ్లు అక్కడే ఆగిపోతారు.

మేనేజర్ గురించి మాత్రం ఊళ్లో ఎత్తకండి. బీటెక్ చదివించింది మీ నాన్నగారే కదా, ఆ మాట వేరేలా తగులుతుంది.